పదిహేడో చెయ్యి

రైలు తలుపులు తెరిచే ఉన్నాయి. లోపల నూట ఎనభై మూడు మంది కూర్చునే ఉన్నారు.

యారాడ కొండ నుంచి పాత పోస్టాఫీసు వైపు, హార్బరు కాలువ అడుగున వెళ్ళే సొరంగ రైలు అది. మధ్యాహ్నం పన్నెండూ నలభైకి సొరంగం గోడలో ఒక అతుకు విడిపోయింది. రైలు ఆగింది. దీపాలు ఆరిపోయాయి. సముద్రం నీళ్ళు పట్టాల మీదికి వచ్చాయి. తలుపులు వాటంతట అవే తెరుచుకున్నాయి. పక్కనే ఎత్తుగా నడకదారి ఉంది. దాని మీద నాలుగు వందల మీటర్లు నడిస్తే మెట్లు. మెట్లెక్కితే ఎండ.

ఎవరూ లేవలేదు.

ఇప్పుడు ఒంటిగంటా రెండు నిమిషాలు. రుషికొండ మీద నెలవంక కంపెనీ ప్రయోగశాలలో స్పీకరు ముందు కూర్చుని పైడితల్లి వింటోంది. అవతల సొరంగ రైలు కంట్రోల్ రూం నుంచి ఖాదర్ బాషా బోగీలోని అత్యవసర మైకు ద్వారా ఒక ప్రయాణికురాలితో మాట్లాడుతున్నాడు. ఇరవై నిమిషాల్లో ఇరవయ్యోసారి మాట్లాడుతున్నాడేమో, గొంతు గీరుకుపోయింది.

"అమ్మా, మీ పేరేంటి?"

"సత్యవతండి. ఎండుచేపలు అమ్ముతాను."

"సత్యవతమ్మా, నీళ్ళు ఎందాకా వచ్చాయి?"

"పిక్కల దాకా వచ్చేసినాయి బాబూ. మొదట సల్లగా ఉండేవి. ఇప్పుడు అలవాటైపోనాది."

"లేచి తలుపులోంచి బయటికి రండి తల్లీ. పక్కనే నడకదారి ఉంది."

"లేస్తాను బాబూ."

"లేచారా?"

"లేస్తాను."

కదిలిన చప్పుడు లేదు. నీటి గలగల మాత్రం వినిపిస్తోంది.

"మీ చేతిలో ఫోనుందా?"

"ఉంది. సీకటి కదా, లైటు ఏసుకున్నాను. అందరూ ఏసుకున్నారు. దీపోత్సవం లాగుంది."

"దాన్ని కింద పడేయండి. ఇప్పుడే!"

"అదేటి బాబూ, దానివల్లే కదా బయం నేకుండా కూకున్నాం. అరిసేతిలో ఏదో మెతుకులాగ గుచ్చుకుంతంది గానీ, బాగానే ఉంది." తర్వాతి మాట వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పింది. "ఇందాక ఎదరసీటు ముసలాయన జారి నీళ్ళలో పడిపోనాడు. మళ్ళీ లెగనేదు. మేం కాళ్ళు పక్కకి తీసుకున్నాం."

ఖాదర్ బాషా ఆ లైను పక్కన పెట్టి ప్రయోగశాల వైపు తిరిగాడు. గోడ తెర మీద అతని మొహం చెమటతో మెరుస్తోంది. ఆ గది మొత్తంలో చెమట పట్టిన మొహం అదొక్కటే. అతనిది పాతకాలపు చదును ఫోను.

"లోపలికి ఆరుగురు సహాయ సిబ్బందిని పంపాను మేడమ్. వాళ్ళు కూడా టార్చి కోసం ఫోన్లు తీశారు. నీళ్ళు చూసి గట్టిగా పట్టుకున్నారు. ఇప్పుడు ఆరుగురూ నడకదారి మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ఒంటిగంటన్నరకి నేను వరద తలుపు మూసేయాలి. మూయకపోతే ఊళ్ళో నాలుగు స్టేషన్లు మునుగుతాయి. మూస్తే వీళ్ళు పోతారు. మీ ఫోను ఆపండి. ఎవరు చేశారో ఆ పేరు కూడా చెప్పండి."

"ఆపడం మా చేతిలో లేదు," అంది పైడితల్లి.

ఆ మాట తన నోటినుంచి ఎంత నిదానంగా వచ్చిందో ఆమె గమనించింది. భయపడాల్సిన చోట ఉన్నానని తెలుస్తోంది. భయం మాత్రం రావడం లేదు. ఆమె చేతిలో కూడా నెలవంక ఫోనే ఉంది. ఇరవై రెండేళ్ళుగా ఏదో ఒక నమూనా ఆ చేతిలోనే ఉంది.

ఈ శతాబ్దం మొదట్లో ఫోను తెర అంచులను రెండు పక్కలా కిందికి వంచి అమ్మేవారు. చూడ్డానికి ఆకు మీద నీటిబొట్టులా ఉండేది. వాడితే చిరాకు. అరచెయ్యి తగిలి అక్కర్లేని బొత్తాలు నొక్కుకుపోయేవి. కిందపడితే ముందు అంచే పగిలేది. పైన అంటించే రక్షణ గాజు అంచుల దగ్గర లేచిపోయేది. ఇందులో నిజంగా ఉపయోగం ఉందా, ఉత్త హంగేనా అని జనం కొన్నేళ్ళు వాదించుకుని, విసుగెత్తి, చదును ఫోన్లకే వెళ్ళిపోయారు.

నలభై ఏళ్ళ తర్వాత దాట్ల విశ్వనాథరాజు ఆ ఒంపును మళ్ళీ బయటికి తీశాడు. అందమంటే ఆయనకు పిచ్చి. కంపెనీ పేరు కూడా నెలవంక అనే పెట్టాడు. తొలి నమూనా చూసి పెట్టుబడిదారులు అడిగిన మొదటి ప్రశ్న పాతదే: ఈ వంపు దేనికి? రాజు గారు అందం గురించే చెప్పుకొచ్చాడు. అప్పుడు ఇరవై తొమ్మిదేళ్ళ నాడీశాస్త్ర ఇంజినీరు ఒకమ్మాయి లేచి నిలబడింది. "అరచెయ్యి తగులుతోందన్నదే కదండీ ఫిర్యాదు. తగలనివ్వండి. ఆ తగలడాన్నే పనిలో పెడదాం," అంది.

ఆ అమ్మాయే పైడితల్లి. ఆమె కనిపెట్టిందే ఊరటంచు.

ఆ అంచులో వేల టచ్ సెన్సర్లు, అంటే స్పర్శగ్రాహకాలు ఉంటాయి. అవి అరచేతి చెమటను, నాడిని, పట్టు బిగువును చదువుతాయి. మనిషి కంగారుపడుతున్నాడని తెలియగానే సన్నని విద్యుత్తు తరంగాలతో అరచేతి నరాలకు జవాబిస్తాయి. ఇంజినీర్ల భాషలో అది న్యూరో ఫీడ్‌బ్యాక్. వాడేవాళ్ళ భాషలో, ఎవరో చెయ్యి పట్టుకున్నట్టు ఉంటుంది. ఎంత గట్టిగా పట్టుకుంటే అంత ఊరట. ఒంపు ఉంటేనే అది సాధ్యం, ఎందుకంటే చదును అంచు అరచేతిలో ఇమడదు. హంగు అన్నవాళ్ళ నోళ్ళు మూతపడ్డాయి.

ఊరట ఎలా ఇవ్వాలో యంత్రానికి నేర్పడానికి మొదట్లో నలభైమంది చేతిముద్రలు తీసుకున్నారు. భయపడ్డ చెయ్యి ఎలా కుదుటపడుతుందో వాటిలో ఉంది. ఇన్నాళ్ళూ ఆ నలభై ముద్రలనూ కలిపి వాడేవారు. నాలుగు రోజుల కిందట వచ్చిన అప్‌డేట్ ఆ పద్ధతి మార్చింది. నలభైలో అన్నిటికంటే త్వరగా శాంతించిన ఒక్క ముద్రనే తీసుకుని అందరికీ పెట్టింది. పదిహేడో నంబరు ముద్ర. పిడుగు పడ్డంత అదురు నుంచి మూడు నిమిషాల పది సెకన్లలో పూర్తి నిశ్చలం. అంత మంచి ఫలితం ఎవరూ చూడలేదు. పైడితల్లి ఆ అప్‌డేట్ మీద సంతకం పెట్టింది.

నాలుగు రోజులుగా విశాఖపట్నం పెద్దమనిషిలా ప్రవర్తించింది. పూర్ణా మార్కెట్లో బేరాల దగ్గర గొంతులు లేవలేదు. బీచ్ రోడ్డు మీద హారన్లు మోగలేదు. పత్రికలు మెచ్చుకున్నాయి.

"ఆపడం మీ చేతిలో లేకపోతే ఎవరి చేతిలో ఉంది?" ఖాదర్ బాషా అడిగాడు.

"పదేళ్ళ కిందట ఒక సంస్థ బయటినుంచి జనం ఫోన్ల అంచులను నడిపింది. అప్పుడు చట్టం వచ్చింది. బయటివాళ్ళెవరూ, చివరికి మేము కూడా, అంచుకు ఆజ్ఞ ఇవ్వలేకుండా చిప్‌ను కట్టేశాం. కొత్త అప్‌డేట్ ఎక్కాలంటే ఫోను చేతిలోంచి దించి గంటసేపు ఛార్జింగులో పెట్టాలి. పట్టుకున్నవాళ్ళు వదిలితే ఆగుతుంది. లేదా ముద్ర ఇచ్చిన మనిషి దాన్ని వెనక్కి తీసుకోవాలి. ఆ హక్కు చట్టం ఉంచింది. ఆ మనిషి తన గొంతుతో చెబితే, ఆ ముద్ర మీద నడిచే ప్రతి అంచూ ఆగిపోతుంది. సొరంగంలో మీ అత్యవసర లైను పనిచేస్తోంది కాబట్టి అక్కడికీ చేరుతుంది."

"అయితే ఆ పదిహేడో మనిషిని పిలవండి!"

"ఎవరో తెలియదు."

"తెలియకపోవడమేంటండీ?"

ఆ ప్రశ్నకు వెనక కుర్చీలోంచి రాజు గారు జవాబు చెప్పాడు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి. పట్టు చొక్కా, చేతిలో బంగారు అంచు నెలవంక. "పేర్లు రాసుకోకూడదని మేమే నియమం పెట్టుకున్నాం బాబూ. స్టీలు గిన్నెలో చీటీలు వేశాం. ఎవరి నంబరు వాళ్ళు తీసుకుని, మైకులో ఒక వాక్యం చెప్పి, చీటీ చింపేశారు. ఇన్నేళ్ళకి ఎవరి నంబరు వాళ్ళకే గుర్తులేదు. ఆ గొంతే తాళంచెవి. మా దగ్గర తాళం మాత్రమే ఉంది. మూడుసార్లే ప్రయత్నించొచ్చు. నాలుగోది ఉండదు."

"ఎన్ని అయ్యాయి?"

"ఒకటి. అంత నిబ్బరమైన చెయ్యి నాదే అయ్యుంటుందనుకుని నేను చెప్పాను." ఆయన చేతిలోని ఫోనును చూసుకున్నాడు. "నాది కాదు."

ఇంకో వేళైతే ఎవరైనా నవ్వేవారు.

"ఆరా," పిలిచింది పైడితల్లి. "రెండో మనిషి దొరికాడా?"

ఆరా అనేది ప్రయోగశాల పరిశోధన యంత్రం. దాని గొంతు ఆడా కాదు, మగా కాదు. "దొరికారు. పదిహేడో ముద్ర కుడి అరచేతిది. మిగిలిన ముప్ఫై తొమ్మిదీ ఎడమ అరచేతులవి. నాటి ఉద్యోగుల్లో ఎడమచేతి వాటం ఉన్నవారు ఒక్కరే. ఎడమచేతి వాటం వారు భోజనం ఎడమచేత్తో చేసి, ఫోను కుడిచేత్తో పట్టుకుంటారని నా అంచనా. శ్రీ భానుమూర్తి, విశ్రాంత ఉద్యోగి, అనకాపల్లి. లైనులో ఉన్నారు."

నలభై ముద్రలూ క్యాంటీనులో మధ్యాహ్న భోజనం వేళ తీసుకున్నవే. ఆ సమయంలో ఎవరైనా కుడిచేత్తో తింటూ ఎడమచేత్తో ఫోను పట్టుకుంటారు కాబట్టి, పోలికకు బాగుంటుందని అలా చేశారు. పైడితల్లికి గుర్తుంది. సాంబారు వాసన గుర్తుంది. బల్లల మధ్య తను ప్యాడ్ పట్టుకుని తిరగడం, తర్వాత అందరిలాగే తనూ ఒక నమూనా ఫోను పట్టుకుని భోజనానికి కూర్చోవడం గుర్తుంది.

భానుమూర్తి సంగతి విని వెంటనే చెప్పాల్సిన వాక్యం చెప్పేశాడు. తెర మీద ఎర్ర గీత పడింది. గొంతు కలవలేదు.

"నాది కాదని నేను ముందే చెబుదామనుకున్నానమ్మా, మీరు కంగారుపెట్టేశారు," అన్నాడాయన. "ఎడమచేతి వాటమంటే రాయడానికి. అన్నం ఎడమచేత్తో ఎవరు తింటారు? చిన్నప్పుడు ఒకసారి తింటే మా అమ్మ గరిటె కాల్చి వాత పెట్టింది. నేనూ అందరిలాగే కుడిచేత్తో తిని ఎడమచేత్తో ఫోను పట్టుకున్నాను."

ఒంటిగంటా పదకొండు. ఇంకొక్క ప్రయత్నం మిగిలింది.

"మీ యంత్రానికి మన ఇళ్ళలో అన్నం ఎలా తింటారో తెలియదా?" ఖాదర్ బాషా గొంతు చించుకున్నాడు.

"తెలియలేదు," అంది ఆరా. "నమోదు చేసుకున్నాను."

స్పీకరులో సత్యవతి గొంతు మళ్ళీ వచ్చింది. "బాబూ, మోకాళ్ళ మీదికి వచ్చేసినాయి. మా బుట్ట తేలిపోతంది. ఎండు నెత్తళ్ళు తడిసిపోనాయి. పోన్లే."

పైడితల్లి పదిహేడో ముద్రను పెద్దది చేసి చూసింది. గోడంత అరచెయ్యి. వేళ్ళు ఎర్రగా, మధ్యలో పసుపుగా, పట్టు బిగువును బట్టి రంగులు. చిటికెన వేలికి కిందుగా, అంచు ఆనే చోట, ఒక చిన్న నల్ల చుక్క ఉంది. అక్కడ మాత్రం చర్మం గాజుకు తగల్లేదు.

"ఈ చుక్కేంటి?"

"స్పర్శ లేని చోటు. పొడవు ఆరు మిల్లీమీటర్లు, వెడల్పు రెండు," అంది ఆరా. "సెన్సర్ లోపం అనుకుని వదిలేశారు. ముద్రతో పాటు అదీ అందరికీ వెళ్ళింది. నాలుగు రోజుల్లో పదకొండు వేల మంది అరచేతిలో ఏదో గుచ్చుకుంటోందని ఫిర్యాదు చేశారు."

పైడితల్లి తన అరచేతిని బొటనవేలితో రుద్దుకుంది. ఆమెకూ గుచ్చుకుంటోంది. తనకు ఈ నాలుగు రోజులుగా కాదు, ఎప్పటినుంచో ఆ చోట ఏదో ఉన్నట్టే అనిపిస్తుంది. వయసు అనుకునేది.

"మొదటినుంచీ చూపించు. ముద్ర మొదలైన క్షణం నుంచి."

గోడ మీద చెయ్యి కదిలింది. మొదట అది కుడి చెయ్యి కాదు. ఎడమ చెయ్యే. ఆరా ఇందాక పోల్చింది అప్‌డేట్‌లో వాడిన చివరి మూడు నిమిషాలనే. పదకొండు నిమిషాలు ఎడమ అరచెయ్యి, మెత్తని పట్టు, మామూలు నాడి. భోంచేస్తున్న మనిషి. తర్వాత ఫోను ఒక్కసారి అదిరింది. ఎడమ చెయ్యి జారింది. కుడి చెయ్యి వచ్చి పట్టుకుంది. అక్కడ నాడి నిటారుగా ఎగిసింది. ఆ వెంటనే పడడం మొదలైంది.

"చెయ్యి మారింది," అన్నాడు ఖాదర్ బాషా. "తినడం అయిపోయి చెయ్యి కడుక్కుని పట్టుకున్నాడా?"

"కడుక్కోలేదు," అంది ఆరా. "అరచేతిలో ఉప్పు, నూనె, గంజి జాడలు ఉన్నాయి."

రాజు గారు మొహం చిట్లించాడు. "ఎంగిలి చేత్తోనా? అంత ఖరీదైన నమూనా ఫోను మీద ఎంగిలి చెయ్యి ఎవడు పెడతాడు? ఇంట్లో నీళ్ళచెంబు కూడా ముట్టుకోనివ్వరు."

"ఎవరూ పెట్టరు," అన్నాడు ఖాదర్ బాషా నెమ్మదిగా. "చెయ్యి ఎంగిలిదని మరిచిపోయేంత కబురు వస్తే తప్ప."

పైడితల్లి నల్ల చుక్కనే చూస్తోంది. ఆరు మిల్లీమీటర్ల పొడవు, రెండు మిల్లీమీటర్ల వెడల్పు. ఆ కొలతలు ఉన్న వస్తువు ఏ ఇంట్లోనైనా పూటకు కొన్ని వేలు ఉంటాయి.

మెతుకు.

ముద్రలు తీసిన రోజు సాయంత్రం తను బల్ల దగ్గర కూర్చుని నమూనా ఫోను అంచు ఒంపులో ఎండి అంటుకుపోయిన మెతుకును గోటితో గీకడం ఆమెకు కనబడింది. చాలా మామూలుగా కనబడింది. గీకి, గుడ్డతో తుడిచి, రోజువారీ నివేదిక పూర్తిచేసి, ఆ తర్వాతే ఇంటికి బస్సెక్కింది. ఇంటి దగ్గర తమ్ముడు సింహాద్రిని అరుగు మీద పడుకోబెట్టి ఉన్నారు. ఓడల మరమ్మతు యార్డులో ట్యాంకు లోపల వెల్డింగు చేస్తుండగా గ్యాస్ అంటుకుంది. ఒంటిగంటా పదికి పక్కింటామె ఫోను చేసి చెప్పింది. తను "సరే" అంది. సరే అని, రెండూ పది దాకా క్యాంటీనులో అలాగే కూర్చుంది. వడ్డించే ఆమె వచ్చి, సాంబారు అయిపోయిందమ్మా, మజ్జిగ పొయ్యనా అని అడిగింది. పొయ్యమంది.

ఇన్నేళ్ళలో ఆ రోజు గురించి ఎవరడిగినా ఆమెకు సాంబారు అయిపోవడమే గుర్తొచ్చేది. అంచు సిద్ధమవగానే, తను కనిపెట్టిన దాన్నే తను పట్టుకుంది. తర్వాత ఎప్పుడూ వదల్లేదు.

"ఆరా," అంది. "ఆ రోజు ఆ ఫోను అంచు పనిచేస్తోందా? ఊరట తరంగాలు ఇచ్చిందా?"

"లేదు. అప్పటికి అది చదవడమే నేర్చింది, జవాబివ్వడం కాదు. పదిహేడో చెయ్యి దానంతట అదే నిశ్చలమైంది."

"అది ఊరట అని ఎలా అనుకున్నావు?"

"నాడి, చెమట, పట్టు, మూడూ పడిపోయాయి. మనిషి కుదుటపడినా అంతే. మనిషి లోపల ఆగిపోయినా అంతే. తేడా చెప్పే అంకె నా దగ్గర లేదు. ఫలితం బాగుందని మీరు సంతకం చేశారు."

ఒంటిగంటా ఇరవై రెండు.

"నాదే," అంది పైడితల్లి.

రాజు గారు తల తిప్పి చూశాడు. తెర మీద ఖాదర్ బాషా బల్ల మీదికి వంగాడు. అతని వెనక ఎవరో వరద తలుపు మోటారు సిద్ధమని చెబుతున్నారు.

"అయితే చెప్పండి మేడమ్! ఆ వాక్యం చెప్పండి!"

పైడితల్లి మైకు వైపు వంగింది.

"ఆగండి," అంది ఆరా. "మీ ఇప్పటి గొంతును తాళంతో పోల్చలేను కానీ, తాళం దేన్ని వెతుకుతుందో చెప్పగలను. గొంతులోని సన్నని వణుకులను వెతుకుతుంది. మీ గొంతులో అవి లేవు. అంచు వాటిని చదును చేసేసింది. ఇలాగే చెబితే మూడో ప్రయత్నం కూడా పోతుంది. ఫోను కింద పెట్టాలి."

పైడితల్లి తన చేతిని చూసుకుంది. వేళ్ళు ఫోను చుట్టూ ఒదిగి ఉన్నాయి. తెరవమని చెప్పింది. అవి వినలేదు. సత్యవతి "లేస్తాను" అన్నది ఎలాగో ఇప్పుడు ఆమెకు తెలిసింది. లేవకూడదనే పంతమేమీ ఉండదు. లేవడానికి కారణం కనబడదు, అంతే.

"పెడతాను," అంది.

"పెట్టండి," అన్నాడు ఖాదర్ బాషా.

"పెడతాను."

"మేడమ్!" అతను బల్ల మీద గుద్దాడు. "ఆ వచ్చిన కబురేంటి? ఎవరు పోయారు?"

"తమ్ముడు."

"పేరు?"

"సింహాద్రి."

"ఏం పెట్టారు ఆ పూట? అతను మీతో ఆఖరిసారి ఏం మాట్లాడాడు?"

పైడితల్లి ఆలోచించింది. ఆ పొద్దున్న సింహాద్రి గుమ్మంలో నిలబడి ఆమె భోజనం డబ్బాలోకి తొంగిచూశాడు. ఒసే అక్కా, మళ్ళీ బీరకాయేనా, నీ కంపెనీ వంకర ఫోన్లు చేస్తది గానీ నీకో చేపముక్క పెట్టదా అన్నాడు. తను గరిటె పుచ్చుకుని వెంటపడింది. అతను నవ్వుతూ పారిపోయాడు. చెప్పు ఒకటి వదిలేసి మళ్ళీ వచ్చి తొడుక్కున్నాడు.

ఆ చెప్పు. అది గుర్తుంటుందని ఆమె అనుకోలేదు.

చిటికెన వేలు లేచింది. తర్వాత ఉంగరం వేలు. ఎడమ చేత్తో ఒక్కొక్క వేలునూ పట్టి ఊడదీసింది. ఫోను బల్ల మీద పడి, ఒంపు మీద అటూ ఇటూ ఊగి, ఆగింది. ఖాళీ అరచెయ్యి చల్లగా ఉంది.

మొదట ఏమీ కాలేదు. తర్వాత ఎక్కిళ్ళ లాంటిది ఏదో వచ్చింది. ఇరవై రెండేళ్ళు ఆలస్యంగా వచ్చింది కాబట్టి అది ఏడుపని ఆమె వెంటనే పోల్చుకోలేకపోయింది. బల్ల అంచు పట్టుకుని, తల దించుకుని, మైకులోకి చెప్పింది. మాట మాటకీ విరిగింది.

"పదిహేడో చెయ్యి నాది. నేనిచ్చిన ముద్ర వెనక్కి తీసుకుంటున్నాను."

తెర మీద గీత కదిలింది. నిలిచింది. ఆకుపచ్చగా మారింది.

సొరంగంలో క్షణం సేపు నీటి చప్పుడు. ఆ తర్వాత ఒక కేక. "అమ్మో! నీల్లు! నీల్లొచ్చేసినాయిరా నాయనో!" సత్యవతి గొంతే అది. ఆ వెంట ఇంకో కేక, పిల్లల ఏడుపులు, తిట్లు, ఒకర్నొకరు పేరుపెట్టి పిలుచుకోవడం, వందల కాళ్ళు నీళ్ళను తన్నుకుంటూ పరిగెత్తడం. ఖాదర్ బాషా ఈలవేసి "ఎడమవైపు! ఎడమవైపు మెట్లు!" అని అరుస్తున్నాడు. కిటికీ అవతల బీచ్ రోడ్డు మీద, నాలుగు రోజుల తర్వాత, మొదటి హారను మోగింది. దానికి ఇంకొకటి జవాబిచ్చింది.

రాజు గారి చేతిలో బంగారు అంచు ఆరిపోయింది. ఆయన మొహం ఒక్కసారిగా ముసలిదైంది.

"ఉపసంహరణ తాత్కాలికంగా అమలైంది," అంది ఆరా. "చట్టం ప్రకారం పేరు చెప్పని మాట చెల్లదు. తొంభై సెకన్లలోగా ముద్ర ఇచ్చిన దాత, అందరికీ వినిపించే బహిరంగ లైనులో తన పేరు చెప్పాలి. లేకపోతే అంచులు మళ్ళీ మొదలవుతాయి."

"చెప్పకు పైడీ!" రాజు గారు లేచి వచ్చి ఆమె భుజం పట్టుకున్నాడు. "తొంభై సెకన్లు చాలు, పరిగెత్తేవాళ్ళు పరిగెత్తారు. ముద్ర నీదే, సంతకమూ నీదే అని తెలిస్తే నిన్ను వదలరు. లోపల శవం ఉందమ్మా. యంత్రం తప్పంటే పోతుంది. నా మాట విను."

"ఎనభై," అంది ఆరా.

"వెనక బోగీ ఇంకా ఖాళీ కాలేదు," తెర మీంచి ఖాదర్ బాషా అన్నాడు. "మళ్ళీ మొదలైతే నలభైమంది ఉన్నచోటే కూలబడతారు."

స్పీకరులో సత్యవతి రొప్పుతోంది. నడకదారి మీది అత్యవసర మైకు దగ్గర ఉంది. పక్కనే ఎవరో వాంతి చేసుకుంటున్నారు. "బాబూ, ఆ ముసలాయన... నా కాళ్ళ దగ్గరే పడ్డాడు బాబూ. చెయ్యి సాస్తే అందుతాడు. నాను కాళ్ళు తీసుకున్నాను. నా కాళ్ళు నాను తీసుకున్నాను." ఏడుపు మధ్యలో ఒక్కసారి ఆమె గొంతు గట్టిపడింది. "ఎవులు? మమ్మల్ని ఇలాగ సేసిందెవులు? ఆ పేరు సెప్పండి! నాకు పేరు గావాల!"

పైడితల్లి భుజం మీది చేతిని మెల్లగా తీసేసింది. బల్ల మీద ఫోను అందేంత దూరంలో ఉంది. దాన్ని పక్కకు నెట్టింది. మైకును దగ్గరికి లాక్కుంది.

"నేనేనమ్మా," అంది. "నా పేరు కోరాడ పైడితల్లి."